ఆమ్లజని: పట్టు, విడుపు

ఆమ్లజని ఎక్కడ ఉన్నదని ఇంటర్మీడియట్ విద్యార్థిని అడిగితే, అతడు తడుముకోకుండా గాలిలో ఉన్నదని చెబుతాడు. సమాధానం తప్పు కాదు గాని, అది ఉన్నదానిలో అత్యల్ప భాగాన్ని గూర్చిన సమాధానం. ఒక కిలో గాలిలో ఆమ్లజని సుమారు 230 గ్రాములు. బొల్లారం నుండి మౌలాలీ దాకా ఎటు చూసినా కనిపించే నల్లసేనపు గుండ్లలోనుండి ఒక కిలో రాయి తీసుకొంటే, అందులో ఆమ్లజని రమారమి 480 గ్రాములు. ఒక కిలో నీటిలోనైతే 889 గ్రాములు. అనగా మనం పీల్చే దానికంటె తొక్కే దానిలోను, త్రాగే దానిలోను ఆమ్లజని ఎక్కువ. అయినను రాతి నడుమ చిక్కుకొన్నవాడు ఊపిరాడక మరణిస్తాడు, నీట మునిగినవాడు నీటిలోని ఆమ్లజనిలో ఒక పాలు కూడ వాడుకోలేడు.

ఈ వింతకు కారణం ఒక్కటే. ఆమ్లజని ఎంత ఉన్నది అన్నది రసాయనశాస్త్రంలో సగం ప్రశ్న మాత్రమే. దానిని ఏది, ఎంత గట్టిగా పట్టుకొని ఉన్నది అన్నది అసలు ప్రశ్న. గాలిలో ఆమ్లజని పరమాణువులు రెండేసి జతలుగా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. రాతిలో ప్రతి ఆమ్లజని పరమాణువును సిలికాన్, అల్యూమినియం వంటి మూలకాలు ఇరుప్రక్కల బిగించి ఉంచుతాయి. మన హైదరాబాదు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ణయం. అన్ని యుగాలు గడచినా ఆ పట్టు సడలలేదు. ఎండకు, వానకు రాయి శిథిలమై మొరంగా, చెలక నేలగా మారుతుంది గాని, సిలికాన్ తన ఆమ్లజనిని వదలదు. పైగా రాతిలో కొద్దిగా ఉండే ఇనుము బయటి గాలిలోనుండి మరికొంత ఆమ్లజనిని గ్రహిస్తుంది. తెలంగాణ చెలకల ఎరుపు ఆ ఇనుప ఆక్సైడు రంగే.

ఇక్కడ పేరును గూర్చి ఒక మాట. 1774 ఆగస్టు 1వ తేదీన ఇంగ్లండులో ప్రీస్ట్లీ ఎర్రని పాదరస భస్మంపై భూతద్దంతో ఎండను కేంద్రీకరించి ఒక వాయువును రాబట్టాడు. అందులో కొవ్వొత్తి మిక్కిలి ప్రకాశంగా వెలిగింది. స్వీడన్ దేశీయుడు షీలే అంతకుముందే ఈ వాయువును తయారుచేసినా, అతని గ్రంథం 1777 వరకు వెలువడలేదు. అయితే వాయువును కనుగొన్న ఈ ఇరువురికన్న, దాని అర్థాన్ని కనుగొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజియే ఘనుడని నా అభిప్రాయం. అంతవరకు పండితులు, వస్తువు మండేటప్పుడు దానిలోనుండి ఏదో ఒక తత్త్వం బయటికి పోతుందని నమ్మేవారు. లవోయిజియే త్రాసు పట్టాడు. లోహం భస్మమైనప్పుడు దాని బరువు తగ్గడం లేదు, పెరుగుతున్నది. పోవడం కాదు, వచ్చి చేరడం జరుగుతున్నదన్నమాట. ఆయుర్వేద వైద్యులు లోహ భస్మమనీ, యునానీ హకీములు కుష్తా ఫౌలాద్ అనీ తరతరాలుగా తయారుచేసిన ఇనుప భస్మాలలోను ప్రధానంగా ఉండేది ఇట్లు వచ్చి చేరిన ఆమ్లజనియే. వాటిని వైద్యుని సలహా లేక సేవించడం క్షేమం కాదన్నది వేరే సంగతి.

అంతటి లవోయిజియే కూడ పేరు పెట్టడంలో పొరబడ్డాడు. గంధకాన్ని, భాస్వరాన్ని మండించి నీటిలో కలిపితే ఆమ్లాలు ఏర్పడటం చూచి, ఆమ్లాలన్నింటికీ ఈ వాయువే జనకమని తలచి, గ్రీకు భాషలో ఆ అర్థం వచ్చేటట్లు ఆక్సిజన్ అన్నాడు. మన తెలుగు పండితులు దానినే నమ్మకంగా ఆమ్లజని అని అనువదించారు. జర్మనులు తమ భాషలో పులుపు పదార్థమనే అన్నారు. కాని 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఉప్పునుండి వచ్చే ఆమ్లంలో, అనగా హైడ్రోక్లోరికామ్లంలో, ఉదజని, క్లోరిన్ తప్ప ఆమ్లజని లేనేలేదని చూపాడు. ఆమ్లాలకు ఆమ్లత్వాన్నిచ్చేది ఉదజని. ఈ లెక్కన చూస్తే ఆమ్లాన్ని తేజాబ్, అనగా ఘాటైన నీరు, అని ఊరకున్న ఉర్దూవారే తెలివైనవారు. వారి మాటలో ఏ సిద్ధాంతమూ లేదు, కనుక తప్పూ లేదు. పేరు తప్పయినా మనకు అలవాటైనది, దానితోనే ముందుకు సాగుదాం.

ఆమ్లజని పట్టు అన్నింటా ఒక్క తీరుగా ఉండదు. వెండి దానిని పట్టీ పట్టనట్లు పట్టుకొంటుంది. వెండి ఆక్సైడును కొంచెం వేడిచేస్తే చాలు, ఆమ్లజని విడిపోతుంది. పాదరసానిదీ దాదాపు అదే స్థితి, అందుకే ప్రీస్ట్లీకి ఒక భూతద్దం సరిపోయింది. రాగి, ఇనుము, యశదం, సిలికాన్, అల్యూమినియం క్రమంగా మరింత గట్టివి. లోహం నుండి ఆమ్లజనిని విడదీయాలంటే, ఆ లోహంకన్న గట్టిగా ఆమ్లజనిని కోరే వస్తువు మరొకటి ఎదురు నిలవాలి. ఆమ్లజని చేరడాన్ని ఆక్సీకరణమనీ, తొలగడాన్ని క్షయకరణమనీ పాఠ్యపుస్తకాలు నిర్వచించి ఊరుకొంటాయి. ఎలక్ట్రానుల మార్పిడిగా దీనిని మరింత విశాలంగా చెప్పవచ్చును గాని, ప్రస్తుతానికి ఆ అర్థం చాలు. ఎందుకంటే ఈ నిర్వచనం పుట్టక పూర్వమే మన తెలంగాణ పల్లెల్లో ఆ పని జరిగింది.

వాగుల్లో దొరికే నల్లని ఇనుప ఇసుకలోను, ఎర్రని లేటరైటు రాళ్లలోను ఇనుము ఆమ్లజనితో కలిసి ఉన్నది. కమ్మరులు మట్టితో నిలువు కొలిమి కట్టి, అందులో కర్రబొగ్గును, ఖనిజాన్ని పొరలు పొరలుగా నింపి, తోలు తిత్తులతో గాలి ఊదేవారు. చూడడానికిది ఖనిజాన్ని కాల్చడంవలె కనిపిస్తుంది. నిజానికి గాలి అవసరమైనది బొగ్గుకు, ఖనిజానికి కాదు. బొగ్గు చాలినంత గాలి లేక సగం మండి కార్బన్ మోనాక్సైడు అనే వాయువునిస్తుంది. ఆ వాయువుకు ఇంకొక ఆమ్లజని పరమాణువుపై ఆకలి తీరలేదు. అది ఖనిజంలోకి చొరబడి ఇనుమునుండి ఆమ్లజనిని లాగుకొని బొగ్గుపులుసు వాయువుగా మారి పొగతో పోతుంది. గాలి ఎక్కువైతే బొగ్గు పూర్తిగా మండిపోయి, ఖనిజాన్ని విడిపించే వాయువు మిగలదు. తక్కువైతే వేడి చాలదు. తిత్తి త్రొక్కేవాని కాలిలో ఉండిన ఆ కొలతను ఏ గ్రంథమూ వ్రాసి ఉంచలేదు.

ఆ కొలిమి వేడి సుమారు 1200 డిగ్రీలు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. కనుక ఇనుము ద్రవంగా కాక, తేనెతుట్టెవలె గుల్లగా, ముద్దగా దిగేది. రాతిలోని సిలికాను విడిపించడం ఆ బొగ్గుకు సాధ్యం కాదు, దాని పట్టు అంత బలమైనది. అది కొంత ఇనుప ఆక్సైడును తనతో కలుపుకొని చిట్టెంగా కరిగి కారిపోయేది. తెలంగాణలో అనేక గ్రామాల పొలిమేరల్లో నేటికీ కనిపించే బరువైన నల్లని చిట్టెం గడ్డలు అవే. వాటిని తూచి చూస్తే బరువు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇనుము చాలా భాగం అందులోనే నిలిచిపోయింది మరి.

ఈ ముద్ద ఇనుమునుండి ఉక్కు తీయడంలో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఖ్యాతి గడించింది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో లాంబ్టన్ నాయకత్వాన సాగిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ గ్రామంలో పనిని స్వయంగా చూచి వివరం వ్రాశాడు. అతడు 1824లో మరణించగా, ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి మూసలో ఉంచేవారని అతడు తెలిపాడు. ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే మకాం వేసి ఉక్కు కొనడం కూడ అతడు చూచాడు. డమాస్కస్ కత్తులని ప్రపంచం పేరు పెట్టిన వాటిలో కొన్నింటి పుట్టిల్లు మన ప్రాంతపు మూసలే. పాశ్చాత్యులు ఈ ఉక్కును ఊట్జ్ అన్నారు. ఆ మాట దక్షిణాది ఉక్కు శబ్దంనుండే వచ్చిందని పలువురి అభిప్రాయం. విద్యుచ్ఛాస్త్రంలో మనం నిత్యం తలచే మైకేల్ ఫారడే కూడ 1820 ప్రాంతంలో దీని రహస్యాన్ని ఛేదించడానికి ప్రయోగాలు చేశాడు.

ఆ మూసలో రహస్యం ఏమిటి? రసాయన దృష్టితో చూస్తే రెండు పనులు. ఒకటి, ఇనుములోకి వందకు ఒకటి, రెండు పాళ్ల మధ్య కర్బనం చేరాలి. రెండు, గంటల తరబడి అంత వేడిలో ఉన్న ఇనుమును బయటి ఆమ్లజని ముట్టరాదు. ముట్టితే ముందు కర్బనం కాలిపోతుంది, తరువాత ఇనుమే తిరిగి ఆక్సైడవుతుంది. అందుకే మూసకు మట్టిమూత బిగించి మెత్తేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. ఊక కాలి గోడ లోపల బొగ్గుగా మిగిలి, లోపలికి జొరబడే ఆమ్లజనిని దారిలోనే పట్టివేసేది. దాని బూడిదలోని సిలికా మూసకు వేడిని తట్టుకొనే బలమిచ్చేది. పొలంలో వ్యర్థంగా పారవేసే ఊకతో రెండు పనులు సాధించిన ఆ కమ్మరి చదువుకొననివాడని మనమెట్లా అనగలం?

పందొమ్మిదవ శతాబ్దం ముగిసేలోగా ఈ కొలిములు చల్లారాయి. చౌకగా వచ్చిపడిన విదేశీ ఇనుము, తరుగుతున్న అడవులు, మారిన ఆయుధాలు అన్నీ కారణాలే. 2010 ప్రాంతంలో బెంగుళూరు నుండి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి చిట్టెం దిబ్బలను, మూసల పెంకులను నమోదు చేశారు. మన రసాయన విద్యార్థులు బ్లాస్టు ఫర్నేసు పటాన్ని కంఠతా గీస్తారు. తమ జిల్లాలోని చిట్టెం దిబ్బను మాత్రం ఎవరూ చూపక, వారూ చూడక పోతున్నారు.

ఇట్లు విడిపించిన ఇనుము ఊరుకొంటుందా? నీరు, గాలి రెండూ తగిలిన మరుక్షణం అది పోగొట్టుకొన్న ఆమ్లజనిని వెదకికొంటుంది. దానినే తెలుగులో తుప్పు అనీ, ఉర్దూలో జంగ్ అనీ అంటాము. రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఇనుముకు తుప్పు పట్టదు. వానాకాలంలో బోరింగు పిడికి పట్టే తుప్పు, చెలక నేల ఎరుపు, కమ్మరి కొలిమిలో వేసిన ఎర్రరాయి దాదాపు ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు.

పట్టులోని ఈ తారతమ్యాన్ని సౌందర్యంగా మలచుకొన్న కళ బిద్రీ. బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే, హైదరాబాదు నగరంలోను బిద్రీ పనివారు ఉన్నారు. బిద్రీ పాత్ర ముఖ్యంగా యశదం, అనగా ఉర్దూలో జస్త్. అందులో కొద్దిగా రాగి కలుపుతారు. యశదం స్వయంగా దొంగవంటి లోహం. కొలిమిలో ఆమ్లజనిని విడిచిన వెంటనే ఆవిరై లేచి, పైన గాలి తగలగానే మళ్లీ ఆక్సైడుగా మారిపోతుంది. ఆ ఆవిరిని గాలి తగలకుండ చల్లబరచి పట్టుకొనే విద్యలో రాజస్థానులోని జావర్ గనులు ప్రసిద్ధి చెందాయి. బిద్రీ పనివాడు పోతపోసిన పాత్రపై పూలు, లతలు చెక్కి, ఆ గీతలలో వెండి తీగ, వెండి రేకు కొట్టి నింపుతాడు. ఆ దశలో పాత్ర అంతా తెల్లనిదే, చిత్రం సరిగా కనిపించదు. అప్పుడు బీదరు కోటలోని పాత మట్టిని, నవసాగరాన్ని నీటిలో కలిపి వేడి పాత్రకు పూస్తాడు. క్షణాలలో పాత్ర కాటుకవలె నల్లబడుతుంది, వెండి మాత్రం చెక్కు చెదరదు.

ఆ మట్టికి మహత్తు ఏమీ లేదు. ఏళ్ల తరబడి వాన తగలని పాత గోడల మరుగున సురేకారం పేరుకొంటుంది, ఉర్దూలో షోరా. నవసాగరం, అనగా నౌషాదర్, పైపొరలోని యశదాన్ని కరిగించి తీసివేయగా రాగి పైకి తేలుతుంది. సురేకారంలో దండిగా ఉన్న ఆమ్లజని సహాయంతో ఆ రాగి సన్నని నల్లని పొరగా మారుతుంది. రాగి లేని వట్టి యశదం ఇట్లు నల్లబడదు. ఆమ్లజనిపై ఆసక్తి లేని వెండి తన తెలుపుతో మిగిలిపోతుంది. పనివారు మట్టిని నాలుక కొసపై ఉంచుకొని రుచి చూచి ఎంచుతారు. అది సురేకారపు చల్లని ఉప్పురుచికై చేసే పరీక్ష.

సురేకారం ఆమ్లజనిని సడలుగా పట్టుకొన్న పదార్థం. వేడి తగిలితే విడిచిపెడుతుంది. అందువల్లనే తుపాకి మందు మూతవేసిన ఫిరంగి గొట్టంలో, బయటి గాలి అవసరం లేకుండ మండుతుంది. నూటికి 75 పాళ్లు సురేకారం, మిగిలినది బొగ్గు, గంధకం. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786 ప్రాంతంలో హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. తోప్ కా సాంచా అనే ఆ చోటు నేటికీ గన్‌ఫౌండ్రీ పేరుతో పిలువబడుతున్నది. అదే కాలంలో అతని స్వదేశంలో ప్రభుత్వ తుపాకి మందు వ్యవహారాలు చూచే అధికారులలో ఒకరు మన లవోయిజియేయే. ఆ దేశ విప్లవం 1794 మే 8న ఆయన శిరస్సు తీసింది.

ఇంతవరకు చెప్పినది నిప్పు కథ. నీటి కథ మనకు మరింత సమీపం. పైన చెప్పిన 889 గ్రాములు ఉదజని పట్టులో ఉన్నవి, చేపకు అందేవి కావు. చేపకు అందేది గాలినుండి నీటిలో కరిగిన ఆమ్లజని మాత్రమే. వేసవిలో మన చెరువునీరు ఎంత శుభ్రంగా ఉన్నా లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములకు మించి దానిని పట్టలేదు. అదే ఒక లీటరు గాలిలో దాదాపు 250 మిల్లీగ్రాములున్నది. చేప ఎంతటి పేదరికంలో బ్రతుకుతున్నదో ఊహించవచ్చును. సుమారు 4 మిల్లీగ్రాములకు దిగజారితే చాలా చేపలకు ప్రాణసంకటం.

మురుగునీరు, కార్ఖానాల సేంద్రియ వ్యర్థాలు చెరువులో పడితే సూక్ష్మజీవులు వాటిని ఆరగించడానికి ఈ కొద్దిపాటి ఆమ్లజనిని ఖర్చుచేస్తాయి. అది అయిపోయాక అవి ఊరుకోవు. కట్టుబడి ఉన్న ఆమ్లజనిపై చేయి వేస్తాయి. మొదట నైట్రేటులనుండి, పిదప సల్ఫేటులనుండి దానిని లాగుకొంటాయి. కొలిమిలో బొగ్గు ఇనుప రాతిని చేసిన పనినే చెరువు అడుగున బాక్టీరియా సల్ఫేటును చేస్తుంది. మిగిలిన గంధకం ఉదజనితో కూడి కుళ్లిన గ్రుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడుగా లేస్తుంది. 1562లో కట్టిన హుస్సేన్ సాగరులోకి కూకట్‌పల్లి నాలా, మన సికింద్రాబాదు వైపునుండి పికెట్ నాలా వంటివి మురుగును మోసుకొని వచ్చిన దశాబ్దాలలో గట్టుపై నడిచినవారికి ఆ వాసన పరిచయమే. ఆ వాసన వచ్చిందంటే నీటిలో ఆమ్లజని ఖాళీ అయిందని అర్థం.

మన ఊరి పేరుగల మరొక బొల్లారం ఉన్నది. మియాపూరుకు ఆవల, సంగారెడ్డి జిల్లాలోని ఆ బొల్లారం, దాని ప్రక్కన పటాన్‌చెరు, మందుల, రసాయనాల కార్ఖానాలకు నెలవులు. వాటి వ్యర్థాలు నక్కవాగు ద్వారా మంజీరను చేరుతున్నాయనీ, చెరువులు, పొలాలు పాడయ్యాయనీ 1990లో సుప్రీం కోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2001లో అది రాష్ట్ర హైకోర్టుకు బదిలీ అయింది. ఆ పేరు వినగానే బయటివారు మన కంటోన్మెంటు బొల్లారాన్ని అనుమానిస్తారు. అది పొరపాటే గాని, మన అల్వాల్, సఫిల్‌గూడ చెరువుల స్థితి చూచుకోకుండ ఊరట చెందడానికి వీలులేదు.

చూచుకోవడం కష్టం కాదు. 1888లో వింక్లర్ అనే హంగరీ శాస్త్రజ్ఞుడు రూపొందించిన పరీక్షకు మన కళాశాల ప్రయోగశాలలోని సామగ్రి చాలు. కావలసినవి మాంగనీసు సల్ఫేటు, క్షారం కలిపిన పొటాషియం అయోడైడు, గంధకామ్లం, సోడియం థయోసల్ఫేటు, గంజి, ఒక బ్యూరెట్టు. బిరడా శీసాలు ఒక డజను కొనవలసి ఉంటుంది. ఈ స్వల్ప వ్యయాన్ని వచ్చే సంవత్సరపు పద్దులో చేర్చవలసిందని కళాశాల కమిటీ పెద్దలను ఈ వ్యాసం మూలకంగా అర్థిస్తున్నాను. డిగ్రీ విద్యార్థులు నెలకొకసారి రెండు చెరువుల నీటిని పరీక్షించి ఫలితాలను నోటీసు బోర్డుపై వ్రాయవచ్చును.

నీరు తెచ్చే విద్యార్థులు రెండు సంగతులు గమనించాలి. శీసాను నీటిలో ముంచి, లోపల ఒక్క గాలిబుడగ కూడ లేకుండ నీటిలోనే బిరడా బిగించాలి, మొదటి రెండు ద్రావణాలను గట్టుపైనే కలపాలి. ఇక వేళ. పచ్చని నాచు ఉన్న చెరువులో పగలు ఎండకు ఆమ్లజని పెరుగుతుంది, రాత్రి తరుగుతుంది, అందుకే చేపలు చచ్చి తేలేది తెల్లవారుజామున. కాబట్టి సూర్యోదయానికి ముందు వెళ్లాలి. ద్రావణాలు కలిపిన శీసాలో మడ్డి గోధుమ రంగుకు తిరిగితే నీటిలో ఆమ్లజని ఉన్నట్లు. ఎంత ఉన్నదో కళాశాలకు తెచ్చి బ్యూరెట్టుతో తేల్చవచ్చును. మడ్డి తెల్లగానే నిలిచిపోతే బ్యూరెట్టుతో పనిలేదు.